బాబుకి ఐదు నెలలు, నాకు నర్సింగ్ చదవాలని ఉంది

ప్రశ్న: మేడమ్, నా వయసు 31. ఎనిమిదేళ్లుగా ఒక కంపెనీ అకౌంట్స్ సెక్షన్‌లో పని చేస్తున్నాను. ఐదు నెలల కిందట బాబు పుట్టాడు. కాన్పయిన రాత్రి నాకు బాగా రక్తం పోయింది. డ్యూటీలో ఉన్న సిస్టర్ ముందుగా గమనించి, పొట్ట మీద గట్టిగా నొక్కుతూనే డాక్టర్‌ని పిలిపించింది. తెల్లవారే దాకా నా మంచం పక్కనే ఉంది. అప్పటి నుంచి నేనూ అదే పని చేయాలని ఒకటే ఆలోచన. మావారు "నీ ఇష్టం" అంటారు. అత్తగారు "చంటిబిడ్డను పెట్టుకుని ఇప్పుడు చదువేంటి" అంటారు. నా ఫ్రెండ్ ఇదంతా కాన్పు తర్వాత వచ్చే ఎమోషన్, ఏడాదిలో పోతుంది అంటోంది. ఇంకో నెలలో నా సెలవు అయిపోతుంది, ఆ లోపు తేల్చుకోవాలి. ఉద్యోగం మానేసి నర్సింగ్‌లో చేరమంటారా? ఈ వయసులో కుదురుతుందా?

సమాధానం: వయసు సంగతి ముందు తేల్చేద్దాం, మీరు రాసినవాటిలో అన్నిటికన్నా చిన్న సమస్య అదే. కొన్ని కోర్సులకు వయసు పరిమితి ఉంటుంది కాబట్టి అడ్మిషన్ నోటిఫికేషన్‌లో ఆ ఒక్క లైను చూసుకోండి. అది అడ్డు రాకపోతే 31 పెద్ద వయసేమీ కాదు. పిల్లలు పుట్టాక ఈ వృత్తిలోకి వచ్చిన వాళ్లతో నేను పని చేశాను. రోగి బంధువులు కేకలేస్తున్నప్పుడు కంగారు పడకుండా మాట్లాడటంలో వాళ్లు ఇరవయ్యేళ్ల పిల్లలకంటే చాలా ముందుంటారు. వరస నైట్స్ తర్వాత కోలుకోవడంలో మాత్రం వెనకబడతారు.

ఇక అసలు ప్రశ్న. నర్సింగ్ వద్దని నేను చెప్పను, ఈ ఏడాది మాత్రం వద్దంటాను. సెలవు అయిపోగానే పాత ఉద్యోగంలోనే చేరండి. బాబుకి ఏడాది నిండేలోపు చేసి చూడాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. అవి చేశాక కూడా మనసు ఇటే లాగితే అప్పుడు అప్లికేషన్ పెట్టండి.

మీ ఫ్రెండ్ అన్నదాంట్లో కొంత నిజం ఉంది. ప్రాణం మీదకు వచ్చిన రాత్రి పక్కన నిలబడ్డ మనిషిని మర్చిపోలేం. ఆ కృతజ్ఞతతో ఈ వృత్తిలోకి వచ్చి మంచి నర్సులైన వాళ్లున్నారు, మొదటి ఏడాదిలోనే మానేసిన వాళ్లూ ఉన్నారు. కాబట్టి ఆ కోరిక ఎక్కడి నుంచి పుట్టిందన్నది నాకు పెద్ద విషయం కాదు. మంచం మీద నుంచి మీకు ఆ పని ఎంతవరకు కనిపించిందన్నదే నా అనుమానం.

కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోయే కేసుల్లో దాదాపు పదింట ఏడు గర్భసంచి గట్టిపడకుండా మెత్తగా ఉండిపోవడం వల్లే జరుగుతాయి. అందుకే పొట్ట మీద చెయ్యి వేసి చూస్తాం, మెత్తగా తగిలితే గట్టిపడే దాకా మర్దన చేస్తాం. మీకు నొప్పి పుట్టించిన ఆ నొక్కుడు అదే. ప్యాడ్ ఎంతసేపట్లో తడిసిందో చూస్తాం. కొన్ని చోట్ల తూకం వేసి, పొడి ప్యాడ్ బరువు తీసేసి, గ్రాముకి ఒక మిల్లీలీటరు చొప్పున ఎంత రక్తం పోయిందో రాస్తాం. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే అది ప్రమాదం కింద లెక్క అని చాలాకాలంగా పాటిస్తున్నారు. బీపీ పడిపోయే దాకా ఆగితే ఆలస్యమైపోతుంది, చాలామందిలో అంతకుముందే నాడి వేగం పెరుగుతుంది. మీ సిస్టర్ ఇవన్నీ చూసుకుంటూనే మీతో ధైర్యం చెబుతూ మాట్లాడి ఉంటుంది. మీకు గుర్తున్నది ఆ మాటలు. ఆవిడ చేతిలో ఉన్న కేస్ షీట్ నిండా మాత్రం అంకెలే.

అంకెలంటే మీకు భయం లేదు, అది మీకు కలిసొచ్చే విషయమే. వెయ్యి మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, డ్రిప్ సెట్‌లో మిల్లీలీటరుకి 20 చుక్కలు పడతాయి అంటే నిమిషానికి 42 చుక్కలు వేయాలి. మీరు నోటితోనే చెప్పేస్తారు. అదే లెక్క తెల్లవారుజామున నాలుగింటికి, పక్క బెడ్ మీది పెద్దాయన సాయం లేకుండా లేవబోతుంటే, అవతల ఫోను మోగుతుంటే చేయాలి. అకౌంట్స్‌లో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మర్నాడు సవరణ ఎంట్రీ వేస్తారు. పసిబిడ్డ డోసులో జరిగితే పది రెట్ల మందు లోపలికి వెళ్లిపోతుంది.

ఇంకో సంగతి. ఆ సిస్టర్ తెల్లవారే దాకా మీ పక్కనే ఉండగలిగిందంటే, ఆ రాత్రి ఆ వార్డులో మిగతా బెడ్లు ఇంకెవరో చూసుకున్నారన్నమాట. ఎప్పుడూ అలా కుదరదు. 2002లో నర్సుల పని మీద పరిశోధన చేసే లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. నర్సు మీద ఒక్కో రోగి అదనంగా పడినప్పుడల్లా, ఆపరేషన్ అయిన రోగి 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా విసిగి అలసిపోయే అవకాశం 23 శాతం ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది. ఒకరి దగ్గర కూర్చోవాలని మనసులో ఉన్నా ముగ్గురి మధ్య పరిగెత్తి, ఎవరికీ సరిగ్గా చేయలేదే అనుకుంటూ ఇంటికి వెళ్లే రోజులు ఈ ఉద్యోగంలో బోలెడు. మీకు నచ్చినది ఆ రాత్రి ఒక్కటే అయితే ఆ రోజులు తట్టుకోవడం కష్టం.

కొంచెం సున్నితమైన విషయం అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రాత్రి ఇంకా మీ కళ్ల ముందుకు వస్తోందా? బాబు నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం, ఆసుపత్రి వాసన తగిలితే గుండె దడ, ఆ మాట ఎత్తితే కన్నీళ్లు ఉన్నాయా? కాన్పులో ప్రాణభయం చూసిన వాళ్లకు ఇలా జరుగుతుంది, దీనికి చికిత్స ఉంది. డిప్రెషన్ ఉందేమో పట్టుకోవడానికి 1987 నుంచి ఎడిన్‌బరో ప్రశ్నావళి అని పది ప్రశ్నలది ఒకటి వాడుతున్నారు, డాక్టర్‌ని అడిగితే చేయిస్తారు. కోర్సులో లేబర్ రూమ్ పోస్టింగ్ తప్పదు. మీలాగే రక్తం పోతున్న ఒకావిడ పక్కన, ఈసారి యూనిఫామ్‌లో, మీరు నిలబడాల్సి వస్తుంది. పిల్లల వార్డులో మీ బాబు వయసు బిడ్డ ఆక్సిజన్ మీద ఉంటాడు. ముందే సాయం తీసుకుని ఆ గాయం కొంత మానితే, మీ అనుభవం అక్కడ రోగికి ఉపయోగపడుతుంది. మానకముందే వెళితే మళ్లీ రేగుతుంది. ఇలా ఉన్నంత మాత్రాన మీరు నర్సింగ్‌కి పనికిరారని మాత్రం అనుకోవద్దు.

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వద్దాం. చదువు కష్టమా అని చాలామంది అడుగుతారు. చదువు మీరు నెట్టుకొస్తారు. అనాటమీ, ఫార్మకాలజీ బాబు పడుకున్నాక అర్ధరాత్రి చదవచ్చు. క్లినికల్స్‌ని, అంటే వార్డులో రోగుల దగ్గర చేసే శిక్షణను, అలా జరపలేం. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం జనరల్ నర్సు చదువు కనీసం మూడేళ్లు, 4,600 గంటలు. అందులో కనీసం సగం రోగుల దగ్గరే గడపాలి. 2,300 గంటలంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున దాదాపు 290 రోజులు. ఒక్కో దేశంలో ఒక్కో అంకె ఉంటుంది గానీ వార్డు గంటలు ఎక్కడైనా తప్పవు. క్లాసు పోతే నోట్సు అడిగి తెచ్చుకోవచ్చు, వార్డు గంటలు పోతే మళ్లీ వచ్చి పూర్తి చేయాల్సిందే. మార్నింగ్ షిఫ్ట్ అంటే చాలా చోట్ల ఏడింటికే హ్యాండోవర్, అంటే నైట్ డ్యూటీ వాళ్లు రోగులను మీకు అప్పజెప్పడం. దానికి మీరు ఇంటి నుంచి ఆరింటికో, అంతకన్నా ముందో బయల్దేరాలి. ఆ టైముకి తెరిచే క్రెష్‌లు అరుదు.

అందుకే నా దృష్టిలో మీ నిర్ణయమంతా ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంది: ఆరింటికి మీరు చెప్పులేసుకునేటప్పుడు బాబు ఎవరి చేతుల్లో ఉంటాడు? ఆ మనిషికే జ్వరం వస్తే ఇంకెవరి చేతుల్లో? బాబుకే ఒళ్లు కాలిపోతుంటే ఆ రోజు ఎవరు సెలవు పెడతారు? చిన్నపిల్లలకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే, కొత్తగా క్రెష్‌లో వేస్తే ఇంకా ఎక్కువే. కాబట్టి ఇది ఎప్పుడో ఒకసారి వచ్చే ఇబ్బంది కాదు.

మీవారి "నీ ఇష్టం" దగ్గరకు వస్తాను. మంచి మాటే, కాదనను. కానీ ఆయన ఏం చేస్తారన్నది అందులో ఎక్కడా లేదు. ఒక సాయంత్రం కూర్చుని, ఊహకు ఒక వారం టైంటేబుల్ రాయండి. మూడు రోజులు మార్నింగ్, రెండు రోజులు ఈవెనింగ్, ఒక పరీక్ష, మధ్యలో బాబుకి ఒక జ్వరం. ప్రతి గంట పక్కనా ఎవరి పేరో ఒకరిది ఉండాలి. "చూద్దాంలే" అన్న గళ్లు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. నా అనుభవంలో కోర్సు మధ్యలో ఆగిపోయిన తల్లులు పుస్తకాల వల్ల ఆగిపోలేదు, ఆ గళ్ల వల్ల ఆగిపోయారు.

అత్తగారి మాటను కూడా వ్యతిరేకత కింద తీసేయకండి. బిడ్డను చూసే పని చివరికి తన మీదే పడుతుందని ఆవిడకు మీ ఇద్దరికంటే ముందే అర్థమై ఉండొచ్చు. ఇంతవరకు "మీరు చూడగలరా, ఎన్ని గంటలు చూడగలరు" అని ఆవిడను ఎవరైనా అడిగారా? అడిగి చూడండి. కుదరదంటే కోపం తెచ్చుకోవద్దు, ఆ గళ్లకు వేరే మనిషిని వెతుక్కోండి.

నైట్స్ గురించి ఇంకొంచెం చెప్పాలి. పసిబిడ్డ తల్లిని, నిద్ర లేకపోవడం నాకు అలవాటే అనుకుంటారు. రెండూ ఒకటి కావు. రాత్రి పనిచేసి పగలు పడుకున్నప్పుడు ఒంట్లోని గడియారం మెలకువగా ఉండమంటుంది, బయట వెలుతురు దానికి తోడవుతుంది. రాత్రి నిద్రకంటే పగటి నిద్ర గంటో రెండు గంటలో తక్కువే పడుతుంది. అదీ ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే. అమ్మ రాత్రంతా నిలబడి వచ్చిందని బాబుకి తెలియదు, ఆడుకుందాం రమ్మంటాడు. ఏళ్ల తరబడి రాత్రి షిఫ్టులు చేయడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధన విభాగం 2007లో "బహుశా కేన్సర్ కారకం" వర్గంలో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి అలాగే ఉంచింది. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ వర్గం ఆధారాలు ఎంత గట్టివో చెబుతుంది, మీకు ఎంత ప్రమాదమో చెప్పదు. కానీ నైట్స్ ఊరికే అలవాటైపోతాయిలే అనే సీనియర్ల మాట నమ్మకండి. నైట్ అయ్యాక బండి మీరే నడుపుకుని రావద్దు, ఇదొక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను.

పగటి డ్యూటీలే ఉండే చోట్లు లేవా? ఉన్నాయి. ఓపీ, స్కూల్ హెల్త్, చాలా చోట్ల డయాలిసిస్. వాటిలో చాలావాటికి ముందు వార్డులో ఒకటి రెండేళ్లు చేసి రమ్మంటారు. కొత్తగా చేరిన వాళ్లకేమో నైట్స్, ఆదివారాలు, పండగ డ్యూటీలు ఎక్కువ పడతాయి. బాబుకి ఏడాదిన్నర ఉన్నప్పుడు మీరు చేరితే, మూడు నాలుగేళ్ల కోర్సు అయ్యేసరికి వాడు బడికి వెళ్లే వయసుకు వస్తాడు. మీ మొదటి ఏడాది నైట్స్, వాడి మొదటి ఏడాది బడి ఒకేసారి వస్తాయి. ఆలస్యం చేస్తే అన్నీ సర్దుకుంటాయని నేను చెప్పడం లేదని దీన్నిబట్టి మీకు తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నివేదిక ప్రకారం నర్సుల్లో పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. డ్యూటీ చార్ట్ మాత్రం ఇంట్లో పిల్లలే లేని మనిషి కోసం వేసినట్టు ఉంటుంది.

అదే నివేదిక ప్రపంచంలో 59 లక్షల మంది నర్సుల కొరత ఉందని చెప్పింది. కాబట్టి ఏడాది ఆగితే అవకాశం పోతుందన్న టెన్షన్ వద్దు. ఈ ఏడాదిని వాడుకోండి.

ముందుగా హెపటైటిస్ బి టీకా ఇదివరకు వేయించుకున్నారో లేదో చూసుకోండి. మూడు డోసులు పూర్తయ్యేసరికి ఆరు నెలలు పడుతుంది, ఆ తర్వాత రక్షణ వచ్చిందో లేదో రక్తపరీక్షతో తెలుస్తుంది. పాలిస్తున్నా వేయించుకోవచ్చు. టీకా లేని మనిషికి హెపటైటిస్ బి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. అందరూ భయపడే హెచ్ఐవీకి అది 0.3 శాతం దగ్గర. పోస్టింగ్ నాటికి ఇంకా పాలిస్తుంటే కీమో మందుల దగ్గర డ్యూటీ వేయవద్దని ఇన్‌ఛార్జి సిస్టర్‌కి ముందే చెప్పాలి. నడుము, పొట్ట కండరాలు కోలుకోవడానికి వ్యాయామం మొదలుపెట్టండి, రోగులను లేపి కూర్చోబెట్టడంలో చాలామంది నర్సుల నడుము పోతుంది. అమెరికాలో వృత్తి భద్రత చూసే సంస్థ ఒకటి, రోగిని చేతులతో ఎత్తేటప్పుడు ఒక మనిషి మీద 16 కిలోలకు మించి బరువు పడకూడదంటుంది. వార్డులో అది కుదిరే రోజులు తక్కువే.

డబ్బు లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటే అడుగుతాను: ఉద్యోగంలో చేరాక మూడు నెలలు మీ జీతం ముట్టుకోకుండా పక్కన పెట్టి, మీవారి జీతంతోనే ఇల్లు గడిపి చూడండి. క్రెష్ ఖర్చు కూడా అందులోంచే. గడిచిందంటే కోర్సు ఏళ్లు గడుస్తాయి, పక్కన పెట్టింది ఫీజుకి పనికొస్తుంది. గడవకపోతే ఆ సంగతి అడ్మిషన్ తీసుకున్నాక తెలియడం కంటే ఇప్పుడు తెలియడమే నయం.

అన్నిటికన్నా ముఖ్యమైనది, వార్డు చూడండి. తెలిసిన నర్సు ఎవరైనా ఉంటే, ఆసుపత్రి ఒప్పుకుంటే, ఒక షిఫ్ట్ మొత్తం వాళ్ల వెనక తిరగండి. వాలంటీర్లను తీసుకునే చోట్లు, వృద్ధాశ్రమాలు కూడా మంచివే. లేబర్ రూమ్ కాకుండా మెడికల్ వార్డు అడగండి. మీరు చదువుకునే రోజుల్లో ఎక్కువ భాగం పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లతో, మానని పుళ్లతో, షుగర్‌తో, బెడ్‌పాన్‌లతో గడుస్తుంది. తల్లీ బిడ్డా నవ్వుతూ ఇంటికి వెళ్లే వార్డు అందులో ఒక చిన్న భాగం. మలం శుభ్రం చేయడం ఎవరైనా నేర్చుకుంటారు, దాని గురించి బెంగ వద్దు. మీరు గమనించాల్సింది వేరే. పదోసారి బెల్ కొట్టిన ముసలాయన మీద మీకు చిరాకు వచ్చిందా, ఆయనకు ఏం కావాలో చూద్దామనిపించిందా? షిఫ్ట్ అయ్యాక ఒళ్లు అలిసినా ఇంకొంచెం తెలుసుకోవాలనిపించిందా? చిరాకు అందరికీ వస్తుంది, నాకూ వస్తుంది. తెలుసుకోవాలన్న కుతూహలం అసలు పుట్టకపోతే మాత్రం ఆగి ఆలోచించాలి.

కాలేజీలకు వెళ్లినప్పుడు బిల్డింగు చూసి రావద్దు. క్లినికల్స్ ఏ ఆసుపత్రుల్లో, ఇంటి నుంచి ఎంత దూరం, నైట్ పోస్టింగ్ ఎప్పటి నుంచి, షెడ్యూల్ ఎన్ని వారాల ముందు ఇస్తారు, బిడ్డ జబ్బు పడితే పోయిన గంటలు ఎలా పూర్తి చేయాలి అని అడగండి. పిల్లలున్న సీనియర్ స్టూడెంట్ ఎవరైనా ఉంటే ఆఫీసులో చెప్పినదానికంటే ఆవిడ చెప్పిందే నమ్మండి. వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు కొన్ని దేశాల్లో ఏడాది నుంచి రెండేళ్లలోపు పూర్తయ్యే కోర్సులున్నాయి, మీకు అలాంటిది దొరుకుతుందేమో చూడండి. అయితే తక్కువ కాలమంటే అవే గంటలు ఇరుకుగా కూరుస్తారు, చంటిబిడ్డ తల్లికి అది లాభమో నష్టమో మీ టైంటేబుల్ కాగితం చెబుతుంది.

ఇదంతా చూశాక, నాకు కావలసింది నర్సింగ్ కాదు, అకౌంట్స్ నుంచి బయటపడటమే అని తేలినా తేలవచ్చు. అదీ సరైన జవాబే. ఆసుపత్రుల్లో బిల్లింగ్, ఇన్సూరెన్స్, మెడికల్ కోడింగ్ ఉన్నాయి, మీ ఎనిమిదేళ్ల అనుభవం అక్కడ చెల్లుతుంది.

సెలవు అయ్యేలోపు తేల్చుకోవాలన్నారు. ఆ గడువు మీ ఆఫీసు పెట్టింది, నర్సింగ్ కాలేజీ పెట్టింది కాదు. వచ్చే నెల వెళ్లి చేరండి, ఈ ఆలోచన ఇప్పుడే ఆఫీసులో ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. ఒక షిఫ్ట్ చూశాక, మీ టైంటేబుల్‌లో ఎన్ని గళ్లు ఖాళీగా మిగిలాయో నాకు మళ్లీ రాయండి.